నెక్సస్ కామిక్‌లో స్టీవ్ రూడ్ సొంతం ఎంత, అరువు ఎంత?

గీతలపిచ్చి
నెక్సస్ ఓమ్నిబస్ (పాత సంచికలన్నీ కలిపి వేసిన లావు పుస్తకం) మొదటి భాగం నిన్న రాత్రి పూర్తయింది. రచన మైక్ బ్యారన్, బొమ్మలు స్టీవ్ రూడ్. పెద్ద కంపెనీల సూపర్‌హీరోలు కాకుండా ఇండిపెండెంట్ సైఫై ఏదైనా చెప్పండి అని ఎవరిని అడిగినా ఈ పేరే చెబుతారు. అందుకే బాగా ఆశ పెట్టుకుని మొదలుపెట్టాను. కథ పట్టేసింది, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా బొమ్మలతోనే. హీరో ముసుగు చూస్తే పాత టీవీ కార్టూన్ హీరో స్పేస్ ఘోస్ట్ గుర్తొస్తాడు. నగరాలు చూస్తే పాత సైఫై కామిక్ మ్యాగ్నస్ రోబో ఫైటర్. యంత్రాలు, పేలుళ్లు వచ్చాయంటే సూపర్‌హీరో కామిక్స్ దిగ్గజం జాక్ కర్బీ. ఏ పేజీ తిప్పినా ఇంకెవరో ఒకరు కనబడుతున్నారు. ఇంతమంది మధ్య రూడ్ ఎక్కడున్నాడు? బొమ్మ బాగాలేదు అనట్లేదు. చాలా బాగుంది. అందుకే మరీ ఉక్రోషంగా ఉంది. ఇంత చెయ్యి తిరిగినవాడు ఇంకొకళ్ల బట్టలు ఎందుకు తొడుక్కోవాలి?

సైఫై_సుబ్బు
మొదటి భాగమేగా చదివింది? అందులో 1981 నాటి నలుపు తెలుపు సంచికలు కూడా ఉన్నాయి. అప్పటికి రూడ్‌కి పాతికేళ్లు నిండలేదు. ఆ వయసులో ఎవరి బొమ్మలోనైనా గురువులే కనబడతారు. ఇంకో రెండు భాగాలు చదివి రండి.

గీతలపిచ్చి
సుబ్బు గారూ, ఇంకా చదవండి అనడం జవాబు కాదండీ. ఈ భాగంలో ఎక్కువ పేజీలు కలర్ సంచికలవే. నేను అడుగుతున్నది వాటి గురించే.

నల్లగొండ_నవీన్
అన్నా, ఈ నెక్సస్ ఎవరో కాస్త చెప్పి తర్వాత కొట్లాడుకోండి. నేను పేరు వినడమే ఇప్పుడు.

డాలస్_రమణి
నవీన్, క్లుప్తంగా చెబుతాను. 25వ శతాబ్దం. ఐలమ్ అనే ఉపగ్రహం మీద హరేషియో హెల్పాప్ అని ఒకతను ఉంటాడు. వేలమందిని చంపించిన హంతకులు అతని కలల్లోకి వస్తారు. వాళ్లు చేసిన ఘోరాలన్నీ నిద్రలో అనుభవిస్తాడు, తల పగిలిపోతుంది. వెళ్లి ఆ హంతకుణ్ణి చంపితే తప్ప ఆ బాధ ఆగదు. మెర్క్ అనే గ్రహాంతరజీవి అతనికి శక్తి ఇచ్చి ఈ పని చేయిస్తుంటుంది. ఆ నియంతల చెర నుంచి బయటపడినవాళ్లూ, ఎక్కడెక్కడి కాందిశీకులూ ఐలమ్ వచ్చి చేరతారు. అతను కోరుకోకుండానే అక్కడొక దేశం తయారవుతుంది. వాళ్లకి తిండి, ఇళ్లు, ప్రభుత్వం, ఎన్నికలు అన్నీ కావాలి కదా. ఇక అతను మొట్టమొదట చంపింది కన్నతండ్రిని. ఆ తండ్రి ఒక గ్రహం మీద గవర్నరుగా ఉండి, పారిపోతూ ఆ గ్రహాన్నే నాశనం చేసి వచ్చిన సైన్యాధికారి. ఇది ముందే చెప్పేస్తున్నందుకు కొందరికి కోపం రావచ్చు, కానీ ఇది తెలియకపోతే మిగతా చర్చ అర్థం కాదు.

నల్లగొండ_నవీన్
కన్నతండ్రినా! సరే, నేను ఈ చర్చ వదిలి ఎక్కడికీ పోను. కానివ్వండి.

ఇంకుచుక్క
నేను హైదరాబాద్‌లో యానిమేషన్ స్టోరీబోర్డులు వేస్తుంటాను కాబట్టి స్పేస్ ఘోస్ట్ సంగతి నేను అందుకుంటాను.

1966లో హనా-బార్బెరా అనే కార్టూన్ కంపెనీ వాళ్లకి ఆ పాత్ర డిజైన్ చేసింది అలెక్స్ టోత్. అంతకుముందు చాలా ఏళ్లు కామిక్స్ గీసినవాడు. టీవీ కార్టూన్‌కి డబ్బు తక్కువ, టైమ్ ఇంకా తక్కువ. ఒక పాత్రని పదిమంది చేతులు మళ్లీ మళ్లీ గీయాలి. చొక్కా మీద ఒక గీత అదనంగా పెట్టారంటే ఆ గీతని ఎపిసోడ్ మొత్తం మోయాలి. కాబట్టి గీతలు తగ్గించాలి, కానీ నల్లటి నీడగా చూపించినా అది ఎవరో చూసేవాడికి వెంటనే తెలియాలి. టోత్ గొప్పతనం అక్కడ. ఏది గీయకూడదో తెలిసినవాడు.

ఇప్పుడు నెక్సస్ డ్రెస్ చూడండి. నల్లటి కళ్లజోడు, ఛాతీ మీద మెరుపు, అంతే. బెల్టు మీద పర్సులు లేవు, భుజాల మీద ఇనుప తొడుగులు లేవు. అతను ఎంత చిన్నగా కనబడినా, ప్యానెల్‌లో ఎంత మూలన ఉన్నా కన్ను నేరుగా అక్కడికే పోతుంది. చుట్టూ ఐలమ్ కాందిశీకుల గుంపు ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో రకం తల, ఒక్కో రకం బట్ట, ఒక్కో రకం నిలబడే తీరు. అంత గందరగోళంలో హీరోని ఇంత సాదాగా ఉంచాడు కాబట్టే పేజీ చదవగలుగుతున్నాం. రూడ్ టోత్ దగ్గర తీసుకున్నది ఈ లెక్క. ముసుగు పోలిక చిన్న సంగతి.

వైజాగ్_వాసు
లెక్కా తీసుకున్నాడు, ముసుగూ తీసుకున్నాడు. రెండోది ఎందుకు వదిలేస్తారు ఇంకుచుక్క గారూ? నేను అదే అంటున్నా. గీతలపిచ్చి అడిగింది సరైన ప్రశ్న. ఇంకో ఆర్టిస్టు అయితే కాపీ అంటాం, మనకి నచ్చిన ఆర్టిస్టు అయితే ప్రభావం అంటాం.

ఇంకుచుక్క
కాపీ అనేది దాచుకునే పని. రూడ్ దాచుకోలేదు. టోత్, మ్యాగ్నస్ గీసిన మ్యానింగ్, కర్బీ, ఇలస్ట్రేటర్ లూమిస్ పేర్లు పదే పదే చెప్పుకున్నాడు. పైగా 1987లో కోమికో సంస్థ స్పేస్ ఘోస్ట్ కామిక్ వేసినప్పుడు దాన్ని గీసింది రూడే. రచనలో మార్క్ ఎవనీర్ తోడు. అంటే తను అభిమానించిన పాత్రనే గీసే అవకాశం వచ్చింది.

వైజాగ్_వాసు
చెప్పి తీసుకుంటే సరిపోతుందా అని నా ప్రశ్న.

పాతపుస్తకాలు
కాలం కూడా కాస్త చూడాలి. 1981 అనే సంవత్సరం అమెరికా కామిక్స్‌కి మామూలు సంవత్సరం కాదు.

అంతకుముందు కామిక్ అంటే పత్రికల స్టాండులో అమ్మేది. అమ్ముడుపోని కాపీలు వెనక్కి వస్తాయి, ఆ నష్టం పబ్లిషర్‌ది. చిన్నవాడు ఆ దెబ్బకి తట్టుకోలేడు. 70ల్లో కామిక్స్ మాత్రమే అమ్మే షాపులు పెరిగాయి. వాళ్లు ముందే ఆర్డర్ ఇచ్చి డిస్కౌంట్‌కి కొంటారు, మిగిలినవి వెనక్కి ఇవ్వరు. దాంతో ఎన్ని కాపీలు వేయాలో చిన్న పబ్లిషర్‌కి ముందే తెలుస్తుంది. ఎల్ఫ్‌క్వెస్ట్ అనే ఫాంటసీ కామిక్ 1978లో వచ్చింది ఆ దారిలోనే. పాల్ గులేసీ గీసిన సేబర్ కూడా 1978లో ఆ షాపుల కోసమే వచ్చింది, అదీ సైఫైయే. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మ్యాడిసన్ ఊళ్లో క్యాపిటల్ సిటీ అనే డిస్ట్రిబ్యూటర్లు సొంతంగా కామిక్స్ వేద్దామనుకుని క్యాపిటల్ కామిక్స్ పెట్టారు. బ్యారన్, రూడ్ ఇద్దరూ అదే ఊళ్లో ఉన్నారు. అలా 1981లో నెక్సస్ పెద్ద సైజు నలుపు తెలుపు పత్రికగా వచ్చింది. మూడు సంచికలు అలాగే వేశారు. మూడోదానితో పాటు గ్రామఫోను మీద పెట్టుకుని వినే పల్చటి ప్లాస్టిక్ రికార్డు కూడా ఇచ్చారు, కథలోని డైలాగులు, సంగీతంతో.

అదే 1981లో సాక్షాత్తూ జాక్ కర్బీ పెద్ద కంపెనీలను వదిలి పసిఫిక్ కామిక్స్‌లో కెప్టెన్ విక్టరీ మొదలుపెట్టాడు. అదీ ఇండిపెండెంట్, అదీ సైఫై. అంటే రూడ్ తను ఆరాధించిన కర్బీ పుస్తకం పక్కనే, అదే షాపులో, అదే అరలో తన పుస్తకం పెట్టాడు. అలాంటప్పుడు ప్రభావాన్ని దాచే వీలెక్కడుంది? కొనేవాడికి ఇద్దరూ పక్కపక్కనే కనబడతారు.

సైఫై_సుబ్బు
ఆ రికార్డు సంగతి నాకు తెలియదు! ఎవరి దగ్గరైనా ఉందా?

డాలస్_రమణి
మా ఊళ్లో పాత సంచికల పెట్టెల్లో మూడో నంబరు చూశాను, రికార్డు లేకుండా. అన్నయ్య కోసం కొన్నాను, ఇంకా ఇండియా పంపలేదు. ఇక్కడ చదివితే అడుగుతాడేమో.

చిత్రకళ_సీత
గీతలపిచ్చి గారు చెప్పిన జాబితాలో లూమిస్ లేడు. అది నాకు ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే నాకు రూడ్ బొమ్మల్లో అందరికంటే ముందు కనబడేది ఆయనే.

ఆండ్రూ లూమిస్ కామిక్స్ ఆర్టిస్టు కాదు. పత్రికలకు, ప్రకటనలకు బొమ్మలు వేసిన ఇలస్ట్రేటర్. 1940ల్లో బొమ్మలు నేర్పే పుస్తకాలు రాశాడు. మనుషుల ఆకృతి గీయడం మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. చాలా ఏళ్లు దొరకకపోతే జనం ఫొటోకాపీలు, స్కాన్లు పెట్టుకుని నేర్చుకున్నారు. 2011 నుంచి టైటన్ బుక్స్ వాళ్లు మళ్లీ వేశారు. నేనూ అలాంటి స్కాన్ కాపీతోనే మొదలుపెట్టాను.

తల గీయడానికి ఆయన పద్ధతి ఇది. ముందు ఒక బంతి. దానికి రెండు పక్కలా పల్చగా కోసేసినట్టు చదును. మధ్యలో నిలువు గీత, కనుబొమల దగ్గర అడ్డ గీత. ఆ అడ్డ గీత నుంచి ముక్కు కింది వరకు ఎంత దూరమో, అక్కడి నుంచి గడ్డం దాకా అంతే దూరం. ఈ బంతిని ఎటు తిప్పితే తల అటు తిరుగుతుంది. ఇది చేతికి అలవాటైతే పైనుంచి చూసినా, కిందనుంచి చూసినా అదే మనిషిలా ఉంటాడు.

ఇప్పుడు కథానాయిక సండ్రా పీల్‌ని చూడండి. కోపంగా ఉన్నా, అలసిపోయి ఉన్నా, వెనక నుంచి ముప్పావు వంతు తిరిగి చూస్తున్నా అది సండ్రానే. జుట్టు రంగు చూసి గుర్తుపట్టే అవసరం రాదు. ఆ రోజుల్లో సూపర్‌హీరో కామిక్స్‌లో ఆడవాళ్లందరికీ ఒకటే ముఖం, జుట్టు మాత్రమే తేడా. డేవ్ లాంటి మనిషి కాని పాత్రకి కూడా రూడ్ అదే శ్రద్ధ పెట్టాడు. పొడుగు ముఖం, మన కండరాలు లేని ముఖం, అయినా ఆ దిగులు మనకి అందుతుంది. కర్బీ దగ్గర ఈ పని నేర్చుకోలేం. టోత్ దగ్గరా కష్టమే.

గీతలపిచ్చి
సీత గారూ, ఇది మంచి పాయింట్. ముఖాల దగ్గర నాకూ ఎవరూ గుర్తురాలేదు నిజమే. జూడా నవ్వు కూడా ఎక్కడా చూసినట్టు లేదు.

నల్లగొండ_నవీన్
జూడా ఎవరు మళ్లీ?

సైఫై_సుబ్బు
డేవ్ కొడుకు. కోతి లాంటి ఆకారం, బాక్సర్ లాంటి ఒళ్లు, నెక్సస్ అంటే ప్రాణం. నాకు హీరో కన్నా వాడే ఎక్కువ ఇష్టం.

వైజాగ్_వాసు
సుబ్బూ, మన ఇద్దరికీ మొదటిసారి ఏకాభిప్రాయం కుదిరింది. ఇది ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మీబియస్_మనోజ్
మీరంతా ఎంత చెప్పినా నాకు నెక్సస్ పాతకాలం సైఫైలాగే ఉంటుంది. 1975లోనే ఫ్రాన్స్‌లో మెటల్ హుర్లాంట్ పత్రిక వచ్చింది. ఆర్టిస్టులే కలిసి పెట్టుకున్న సంస్థ, అదీ అసలైన ఇండిపెండెంట్ అంటే. మీబియస్ మాటల్లేకుండా అర్జాక్ గీశాడు. దిక్కు తెలియని ఎడారులు, పక్షి మీద మనిషి, ఎందుకో చెప్పడు. ఆ తర్వాత ఆరేళ్లకి వచ్చిన నెక్సస్ ఇంకా 1963 నాటి మ్యాగ్నస్ దగ్గర, 1966 నాటి టీవీ కార్టూన్ దగ్గర ఉంది. భవిష్యత్తు గురించి కథ చెబుతూ బొమ్మలో వెనక్కి చూడటం నాకు ఎక్కలేదు.

పాతపుస్తకాలు
మనోజ్ గారు, మీబియస్ గొప్పవాడు, అందులో వాదన లేదు. కానీ పని వేరు. అర్జాక్‌లో వింత లోకమే కథ. నెక్సస్‌లో కథ ఒక మనిషి చంపాలా వద్దా అనేది. అక్కడ బొమ్మ చదివేవాణ్ణి ఆపి నోరు తెరిపించకూడదు. చంపిన తర్వాత వాడి ముఖం ఎలా ఉందో చూపించాలి. దానికి మ్యానింగ్ తరహా శుభ్రమైన గీతే పనికొస్తుంది.

రస్ మ్యానింగ్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు కాబట్టి నాలుగు మాటలు. 1963లో గోల్డ్ కీ అనే పబ్లిషర్ కోసం మ్యాగ్నస్ మొదలుపెట్టాడు. క్రీ.శ. 4000లో రోబోల మీద ఆధారపడి మెత్తబడిపోయిన మనుషులు, ఉత్త చేతులతో ఉక్కు పగలగొట్టే హీరో. ఆయన నగరాల్లో మట్టి ఉండదు, మరక ఉండదు. ఎత్తయిన భవనాలు, వంపు తిరిగిన దారులు, ఖాళీ ఆకాశం. మనుషులు డాన్సర్లలాగా నిలబడతారు. గీత మొదట్నుంచి చివరిదాకా వణకదు. టార్జాన్ గీసినా అదే పొందిక. రూడ్ ఆ నగరాన్ని తీసుకున్నాడు నిజమే. తీసుకుని అందులోకి కాందిశీకుల్ని తోలాడు. మ్యానింగ్ నగరంలో ఎవరికీ ఆకలి ఉండదు. ఐలమ్‌లో ఇరుకు, క్యూలు, పోట్లాటలు, రాజకీయం. ఆ శుభ్రమైన గీతతో ఆ కష్టాన్ని గీయడం మ్యానింగ్ చేయని పని. రూడ్ సొంతం ఏది అని అడిగారుగా, నా జవాబు ఇదే.

ఇంకొక సంగతి. మ్యానింగ్ 1981లో పోయాడు. ఆయన పేరు మీద కొత్త కళాకారులకు ఇచ్చే అవార్డు 1984లో రూడ్‌కే వచ్చింది.

ఇంకుచుక్క
"తీసుకుని అందులోకి కాందిశీకుల్ని తోలాడు." పాతపుస్తకాలు గారూ, నేను ఇంతసేపు చెప్పలేకపోయింది ఇదే.

మీబియస్_మనోజ్
బొమ్మ చదివేవాణ్ణి ఆపకూడదు అనేది నేను ఒప్పుకోను. కామిక్స్‌లో ఆగడమే సుఖం. కానీ కాందిశీకుల మాట ఆలోచించాల్సిందే.

పిడుగు_ప్రసాద్
అందరూ రూడ్ రూడ్ అంటున్నారు, బ్యారన్ ఊసే లేదు. ప్రభావాల గురించి మాట్లాడితే రచయిత లేకుండా ఎలా? రూడ్ ముందు పెట్టింది ఎవరి కథ? తెగిన తలలను గాజు పాత్రల్లో పెట్టి, వాటి మానసిక శక్తిని బానిస చాకిరీకి వాడుకునే వ్యాపారం ఉంటుంది అందులో. ఆ తలలు మాట్లాడతాయి, బాధపడతాయి, తర్వాత ఐలమ్‌లో పౌరులవుతాయి. ఇలాంటిది రాసిస్తే ఏ ఆర్టిస్టు అయినా కొత్తగా గీయక తప్పదు. స్పేస్ ఘోస్ట్‌లో లేదిది, మ్యాగ్నస్‌లో లేదు.

చిత్రకళ_సీత
ప్రసాద్ గారి మాట నిజం. ఆ తలలను రూడ్ భయంకరంగా గీయలేదు, అది గమనించండి. రక్తం, నరాలు చూపించి జడిపించవచ్చు. అలా చేయకుండా మామూలు మనుషుల ముఖాల్లా గీశాడు, అలసట, చిరాకు, హాస్యం అన్నీ ఉన్న ముఖాలు. కథలో ఉన్న ఘోరం అందువల్లే ఇంకా లోపలికి దిగుతుంది.

సైఫై_సుబ్బు
క్లోన్‌జోన్‌ని మర్చిపోకండి. గ్రహాలు పట్టుకు తిరుగుతూ జోకులు వేసే కమెడియన్. హంతకుల కథ మధ్యలో కమెడియన్ ఏమిటి అనుకున్నాను మొదట. బ్యారన్ అతన్ని పెట్టబట్టే ఊపిరి ఆడుతుంది.

కర్నూలు_కరీం
డాక్టర్ స్యూస్ మాట ఎవరూ ఎత్తలేదేం? పిల్లల పుస్తకాల స్యూస్. రూడ్ ఆయన్ని కూడా తన గురువుల్లో చెప్పుకుంటాడు. గుంపుల్లో వెనక నిలబడ్డ గ్రహాంతరజీవులను జాగ్రత్తగా చూడండి. బొచ్చు మెడలు, వంకర టోపీల్లాంటి తలలు, నవ్వొచ్చే కాళ్లు. మా పాపకి స్యూస్ పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను కాబట్టి నాకు వెంటనే తగిలింది. నెక్సస్ పేజీ చూపిస్తే పాప కూడా వెనకాల ఉన్నవాణ్ణి వేలుపెట్టి చూపించి నవ్వింది. ముందున్న హీరోని పట్టించుకోలేదు.

డాలస్_రమణి
కరీం గారూ, పాపకి ఆ పేజీ దాకానే చూపించండి. తర్వాతి పేజీలో ఎవరో ఒకరు చచ్చిపోతారు.

కర్నూలు_కరీం
పేజీ చూసుకునే చూపించానండీ, మీరు భయపడకండి.

వైజాగ్_వాసు
సరే. టోత్ లెక్క, మ్యానింగ్ నగరం, లూమిస్ తల, కర్బీ యంత్రం, స్యూస్ జీవి. ఇప్పుడు పంచుకోవడం అయిపోయింది కదా. మరి గీతలపిచ్చి అడిగినదానికి పాతపుస్తకాలు గారొక్కరే సూటిగా జవాబు చెప్పారు. మిగతావాళ్లు జాబితా పెంచుతున్నారు తప్ప ఇన్ని ప్రభావాలు కలిసి ఒక చెయ్యి ఎలా అవుతుందో చెప్పట్లేదు.

ఇంకుచుక్క
వాసు, దానికి పరీక్ష ఒకటుంది. రూడ్ గీయని సంచికలు చదవండి. సిరీస్ 1985లో 7వ సంచిక నుంచి ఫస్ట్ కామిక్స్‌కి మారింది. చైకిన్ గీసిన అమెరికన్ ఫ్లాగ్ వేసిన సంస్థ అది. అక్కడ నెలనెలా పుస్తకం రావాలి. రూడ్ నిదానం, ప్రతి ప్యానెల్ పట్టి పట్టి చేస్తాడు. అందుకే మధ్యమధ్య వేరేవాళ్లు గీశారు. 28వ సంచిక మైక్ మిన్యోలా గీశాడు, హెల్‌బాయ్ సృష్టించక ముందు. చివరి దశలో హ్యూ హేన్స్ చాలా సంచికలు గీశాడు. వాళ్లకీ అదే డ్రెస్, అదే ఐలమ్, అదే బ్యారన్ కథ. చాలాసార్లు లెస్ డార్షైడ్ రంగులే. టోత్, కర్బీల పుస్తకాలు వాళ్లూ చూసినవే. అయినా తీసిన పేజీ రూడ్‌దో కాదో వెంటనే చెప్పగలం. అంటే ఆ గురువులందరి కూడిక కాకుండా ఇంకేదో ఉన్నట్టే కదా. నాకు అది నిదానం అనిపిస్తుంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుంటారు, కుర్చీలో ఎలా ఒరుగుతారు, వినేవాడు ఎటు చూస్తాడు, ఇవన్నీ ఆలోచించి గీస్తాడు. కొట్లాట పేజీలు ఎవరైనా గీస్తారు. ఇద్దరు మనుషులు భోజనం చేస్తూ వాదించుకునే పేజీ రూడ్ గీసింది తీసి చూడండి.

చిత్రకళ_సీత
పరీక్ష బాగుంది. నేను దీనికి ఇంకోటి కలుపుతాను. 1987లోనే రూడ్ మిస్టర్ మిరకిల్ స్పెషల్ గీశాడు, అదీ ఎవనీర్‌తోనే. అక్కడ కర్బీ పాత్రలు కాబట్టి కావాలని కర్బీలాగే గీశాడు. స్పేస్ ఘోస్ట్‌లో టోత్‌కి దగ్గరగా వెళ్లాడు. అంటే గురువు గొంతు కావాలంటే పూర్తిగా తెచ్చుకోగలడు. నెక్సస్‌లో అలా చేయడు. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే నెక్సస్‌లో ఎంత వదిలేశాడో తెలుస్తుంది.

వైజాగ్_వాసు
ఇది జవాబు. మిస్టర్ మిరకిల్ నా దగ్గర ఉంది, ఇవాళే తీస్తాను.

పాతపుస్తకాలు
గురువుల మాట వచ్చింది కాబట్టి, టోత్ ఈ శిష్యుణ్ణి నెత్తిన పెట్టుకున్నాడని ఎవరూ అనుకోవద్దు. రూడ్ గీసిన జానీ క్వెస్ట్ అనే కామిక్ పేజీల మీద టోత్ రాసిన విమర్శ ఒకటి ఇంటర్నెట్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. ప్యానెల్ తర్వాత ప్యానెల్ తప్పులు పట్టాడు. ఆ మాటలు చదువుతుంటే మనకే టెన్షన్ వస్తుంది. కామిక్స్ గీయాలనుకునేవాళ్లు తప్పకుండా వెతికి చదవాలి. ఆరాధించిన మనిషి నుంచి అంత ఘాటు మాట వచ్చినా రూడ్ టోత్‌ని పొగడటం మానలేదు.

ఇంకుచుక్క
మా స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లకి నేను అదే ఇస్తాను. చదివి ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. తర్వాత ఆమె బోర్డులే అందరికంటే శుభ్రంగా ఉన్నాయి.

నల్లగొండ_నవీన్
ఒక డౌటు. ఇట్ల గురువుల బొమ్మ కనబడటం మన దగ్గర తప్పు కాదు కదా? బాపు గారి లెక్కన గీసేటోళ్లు మన పత్రికల్లో ఎంతమంది లేరు?

చిత్రకళ_సీత
నవీన్, మంచి ప్రశ్న. ఉన్నారు, చాలామంది. అందులో కొందరు బాపు గారి కళ్లు, జడ, నడుము తీసుకుని అక్కడే ఆగిపోయారు. బాపు గారి పొదుపు, అంటే ఒక్క గీతతో మనిషి మనసు చెప్పడం, అది పట్టుకున్నవాళ్లు తక్కువ. వాళ్ల బొమ్మలు బాపు బొమ్మల్లా ఉండవు కూడా. చందమామలో చిత్రా గారు, శంకర్ గారు ఒకే పత్రికలో, ఒకే రకం కథలకి బొమ్మలు వేశారు. అయినా ఇద్దరి చేతులూ వేరని చిన్నప్పుడే తెలిసేది మనకి.

కర్నూలు_కరీం
చిత్రా గారి రాక్షసులు! తోకచుక్క సీరియల్ బొమ్మలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

గీతలపిచ్చి
చాలా విషయాలు తెలిశాయి. నా మాట పూర్తిగా మార్చుకోను. యంత్రాలు, శక్తి కిరణాలు వచ్చిన చోట నాకు ఇప్పటికీ కర్బీయే కనబడుతున్నాడు, అక్కడ రూడ్ కర్బీ కన్నా ముందుకు వెళ్లలేదనే అనుకుంటున్నాను. చుక్కలు చుక్కలుగా మెరిసే ఆ నల్లటి శక్తి మేఘాలు కర్బీవి, వాటిని అంతే ఉంచాడు. కానీ పాతపుస్తకాలు గారు చెప్పాక ఐలమ్ గుంపుల పేజీలు మళ్లీ తీశాను. ఒక పేజీలో నెక్సస్ బాల్కనీలో నిలబడి కిందికి చూస్తుంటాడు. కింద జనం. ఎవరూ అతని వైపు చూడట్లేదు. ఒకావిడ మూట సర్దుకుంటోంది, ఇద్దరు ఏదో బేరం ఆడుతున్నారు. మొదటిసారి ఆ పేజీ మీద నేను ఆగలేదు. హీరోని ఆరాధించని గుంపు గీయడం మ్యాగ్నస్‌లో లేదు, కర్బీలోనూ నేను చూడలేదు.

మీబియస్_మనోజ్
చూశారా, ఆగారు! కామిక్స్‌లో ఆగడమే సుఖం అన్నది నేను.

పిడుగు_ప్రసాద్
మనోజ్ గారికి ఒక మార్కు.

సైఫై_సుబ్బు
కర్బీ విషయంలో గీతలపిచ్చితో నేనూ ఏకీభవిస్తాను, కానీ 90ల్లో డార్క్ హార్స్ అనే ఇంకో పబ్లిషర్ దగ్గర వచ్చినవి చూడాలి. ఫస్ట్ కామిక్స్‌లో సిరీస్ 1991లో 80వ సంచికతో ఆగిపోయింది. పబ్లిషర్లు మారినా నెక్సస్ బ్యారన్, రూడ్ వెంటే వెళ్లింది. డార్క్ హార్స్‌లో మొదట నెక్సస్ ది ఆరిజిన్ అనే ఒకే ఒక్క సంచిక. తల్లీతండ్రీ తప్ప మనుషులు లేని ఉపగ్రహం మీద పెరిగిన పిల్లాడి కథ. పెన్సిల్ గీతల మీద సిరా దిద్దే పని, అంటే ఇంకింగ్, గ్యారీ మార్టిన్‌ది. 1993లో ఉత్తమ సంచికగా ఐస్నర్ అవార్డు (కామిక్స్‌కి ఇచ్చే పెద్ద అవార్డు) వచ్చింది. రూడ్‌కి అంతకుముందే, 1988లో, నెక్సస్‌కి ఉత్తమ ఆర్టిస్టుగా ఐస్నర్ వచ్చింది. ఆరిజిన్‌లో కర్బీ చుక్కలు తక్కువ, ఖాళీలు ఎక్కువ. ఆ పిల్లాడి ఒంటరితనం అంతా ఆ ఖాళీల్లోనే ఉంది.

నల్లగొండ_నవీన్
అయితే నేను మొదలు ఏది చదవాలె? ఓమ్నిబస్సా, ఆరిజినా?

డాలస్_రమణి
ఓమ్నిబస్. ఆరిజిన్‌లో తండ్రి సంగతి ముందే తెలిసి చదివితేనే దెబ్బ గట్టిగా తగులుతుంది. పిల్లాడు ఆయన్ని ప్రేమించడం చూస్తాం కదా.

సైఫై_సుబ్బు
నేను రివర్స్‌లో చెబుతాను, ఆరిజిన్ ముందు. చిన్న పుస్తకం, నచ్చకపోతే అక్కడే ఆపేయొచ్చు. బొమ్మ కూడా మంచి దశలో ఉంటుంది.

పాతపుస్తకాలు
రమణి గారి పక్షం నేను. చెయ్యి ఎలా ఎదిగిందో చూడాలంటే 1981 నుంచే మొదలుపెట్టాలి. నవీన్, ఆ నలుపు తెలుపు సంచికలు తొందరగా దాటేయకండి. ముఖాలు ఇంకా కుదరలేదు, కొన్నిచోట్ల గులేసీ పోకడలు కనబడతాయి, కానీ నలుపు ఎక్కడ పెట్టాలో అప్పటికే తెలుసు.

నల్లగొండ_నవీన్
ఇద్దరికి ఇద్దరు అయ్యిండ్రు. ఇంకుచుక్క అన్నా, మీ ఓటు?

ఇంకుచుక్క
ఓమ్నిబస్. రెండో భాగం కూడా నా దగ్గర ఉంది, హైదరాబాద్ వచ్చినప్పుడు మెసేజ్ పెట్టు, రెండూ ఇస్తాను. పేజీలు మడత పెట్టకుండా చదవాలి, అంతే.